గోడ వైపు జరిగే అల్లుడు

ఆ రోజు పొద్దున కూడా అల్లుడు గోడ వైపు జరిగి ఉన్నాడు.

అల్లుడంటే పెళ్లి చేసుకొచ్చిన అల్లుడు కాదు. మందపాటి గోనెగుడ్డను మనిషి ఆకారంలో కుట్టి, లోపల ఇసుక దట్టించిన బొమ్మ. తోటల్లో గడ్డి కోసే చిన్న ట్రాక్టర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, అవి ఎంత వంపు దాకా పడిపోకుండా నిలుస్తాయో చూసే షెడ్డు అది. పరీక్షలో డ్రైవరు సీటు మీద మనిషిని కూర్చోబెట్టలేరు కాబట్టి, మనిషి బరువుతో ఈ బొమ్మను చేయించారు. ఇతగాడు చేసే పనేమీ లేదు, దర్జాగా కూర్చోవడమే. సీటెక్కించాలంటే ముగ్గురు మోయాలి. దించేటప్పుడు ఎక్కడా కందకుండా దించాలి. ఇన్ని మర్యాదలు ఇంకెవరికి జరుగుతాయి? అందుకే ఆ పేరు స్థిరపడిపోయింది. ఎవరో ముచ్చటపడి బొగ్గుతో మీసాలు కూడా దిద్దారు. కళ్లు మాత్రం పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిదయింది. ఈ మధ్య జరుగుతున్న వాటికి తోడు ఆ మొహానికి కళ్లు కూడా ఉండి ఉంటే, ఆ షెడ్డులో పనికి మనుషులు మిగిలేవారు కాదు.

పని అయ్యాక ఎలుకలు కొరక్కుండా అతన్ని దూలానికున్న కొక్కేనికి గొలుసుతో తగిలించి వెళ్లేవారు. మొదట్లో అతనికీ వెనక గోడకీ మధ్య చీపురు పట్టుకున్న మనిషి హాయిగా నడిచేంత సందు ఉండేది. కొన్నాళ్లకు చీపురు మాత్రమే పట్టేంత అయింది. ఇప్పుడు అతని బూట్ల ముక్కులు గోడకు తగులుతున్నాయి. నెట్టినవాళ్లు లేరు, లాగినవాళ్లు లేరు. గొలుసు బిగుసుకుని, ఒళ్లంతా గోడ వైపు ఒరిగి, గాల్లో ఏటవాలుగా నిలబడి ఉంటాడు. పైగా ముందురోజు కింద పడి ఎవరికీ దొరకని నట్లూ బోల్టులూ తెల్లారేసరికి అతని కాళ్ల దగ్గర పోగుపడి ఉంటాయి.

"మళ్లీ అలిగాడమ్మా," అన్నాడు జాకీ బాబాయ్ గుమ్మంలోంచే. పరీక్షకు బండిని ఎక్కించే బల్లను పైకి లేపే జాకీ కొట్టడం ఆయన పని. మనిషి చూస్తే తలుపుకు అడ్డం నిలబడితే వెలుతురు రానంత ఉంటాడు, ధైర్యం మాత్రం గుప్పెడు. ఈ మధ్య ఎవరో ఒకరు ముందు లోపలికి వెళ్తే తప్ప ఆయన గుమ్మం దాటడం లేదు.

ముందు వెళ్లేది కాగితాలక్క. ఆమె అసలు పేరు ఆఫీసువాళ్లు కూడా మర్చిపోయారు. ఆమె వెళ్లి అల్లుడి నడుం పట్టుకుని ఇవతలకు నెట్టింది. అతను వచ్చాడు. వదలగానే నెమ్మదిగా, తొందరేం లేనట్టు, మళ్లీ గోడ దగ్గరకు వెళ్లి ఆగాడు.

"నాకు ఒళ్లు జలదరిస్తోంది బాబాయ్," అంది ఆమె.

"దయ్యం లేదు, నా బొంద లేదు!" అంటూ ఫోర్‌మన్ వచ్చాడు. ఆయన గొంతు వింటేనే బోల్టులు బిగుసుకుంటాయని జాకీ బాబాయ్ చాటున అంటూ ఉంటాడు. "నడుముకో తాడేసి ఇవతల స్తంభానికి లాగి కట్టండి. నిటారుగా ఎందుకుండడో చూస్తాను."

కట్టారు. అల్లుడు నిటారుగా వేలాడాడు. ముగ్గురూ దూరంగా జరిగి చూసుకుని, హమ్మయ్య అనుకుని పనిలో పడ్డారు. వాళ్లు చేసిన పొరపాట్లన్నింటిలోకీ పెద్దది అదే. కానీ అప్పుడు వాళ్లకు ఆ తాడును చూస్తే ఎంతో నిశ్చింతగా అనిపించింది.

వాళ్ల పని చూడటానికి సాదాసీదాగానే ఉంటుంది. నేల మీద మంచమంత ఇనుప బల్ల. దాని గోడ వైపు అంచును జాకీ పైకెత్తుతుంది. మొదలుపెట్టే ముందు బల్లను నేలకు ఆనించి, పక్కనున్న ముల్లును సున్నా మీదకు తిప్పాలి. 'నేలకు ఆనించు, సున్నా పెట్టు' అని ఫోర్‌మన్‌కు ఆయన గురువు నేర్పాడట. ఆయన అది రోజూ పాఠంలా అప్పజెపుతాడు. తర్వాత ట్రాక్టర్‌ను బల్ల మీద అడ్డంగా నిలబెట్టి, పడిపోయినా కింద పడకుండా వదులుగా గొలుసులు తగిలించి, అల్లుడిని సీటెక్కిస్తారు. గోడ వైపు చక్రాల కింద సన్నటి కాగితం ముక్కలు పెడతారు. బల్ల వంగేకొద్దీ బండి బరువంతా కింది వైపు చక్రాల మీదకు పోతుంది. పై చక్రాలు తేలికవుతాయి. కాగితాలక్క గోడను కుడిపక్కన ఉంచుకుని మోకాళ్ల మీద కూర్చుని, కాగితం కొసను రెండు వేళ్లతో పట్టుకుని ఉంటుంది. చక్రం బరువుగా ఉన్నంతసేపూ కాగితం కదలదు. అది చిరగకుండా జారి చేతిలోకి వచ్చిందంటే, చక్రం బల్లను వదిలేసిందన్నమాట. ఆమె "వచ్చింది!" అని అరుస్తుంది. ముల్లు ఎక్కడుందో ఫోర్‌మన్ చూస్తాడు. దానికి కాస్త ఇవతలగా, ప్రతి బండి స్టీరింగు పక్కనుండే వంపు ముల్లు దగ్గర ఎర్ర గీత పెడతారు. ఆ గీత దాటనంత వరకు బండి పడదని కొన్నవాడికి భరోసా.

ఆ రోజు బల్లెక్కింది చిన్న ఎర్ర బండి. అలాంటిదే ఒకటి కాగితాలక్క తమ్ముడు కూడా కొనుక్కున్నాడు. జాకీ బాబాయ్ కొడుతున్నాడు, బల్ల లేస్తోంది, కాగితం మాత్రం రావడం లేదు. సీటు మీద అల్లుడు కూడా ఎంతకీ కిందికి ఒరగడం లేదు. వెన్ను నిలబెట్టుకుని, ఎవరో చెప్పేది వింటున్నవాడిలా కూర్చుని ఉన్నాడు.

"పట్టుకుని కూర్చున్నాడమ్మా," అని గొణిగాడు జాకీ బాబాయ్. "చేతులు చూడు. పట్టుకున్నట్టే లేవూ?"

"నువ్వు జాకీ కొట్టవయ్యా బాబూ," అన్నాడు ఫోర్‌మన్.

చివరికి కాగితం వచ్చింది. ముల్లు చూసి ఫోర్‌మన్ మురిసిపోయాడు. పోయిన నెల కన్నా ఈ నెల ఇంకా ఎక్కువ వంపుకు నిలిచింది. అంతకు ముందు నెల కన్నా పోయిన నెల ఎక్కువ. బండిలో ఒక్క మర కూడా మారలేదు, కానీ నెలనెలా మరింత గట్టిగా నిలబడుతోంది. పై ఆఫీసు నుంచి శభాష్ అని కబురు కూడా వచ్చింది. ఎర్ర గీతను ఇంకాస్త పైకి జరిపారు. శభాష్ అన్నాక ఎందుకు, ఎలా అని అడిగేవాళ్లెవరుంటారు?

సాయంత్రం ఇంటికి వెళ్తే కాగితాలక్కకు ఇల్లు ఒరిగినట్టనిపించింది. ఇది కొత్త కాదు. కొన్నాళ్లుగా ఇంటి గుమ్మం ఎడమ పక్కకు వాలినట్టు కనిపిస్తోంది. వంటింటి అరలు ఒక వైపు ఎత్తుగా ఉన్నట్టుంటాయి. మంచం కోడు కింద అట్టముక్క పెట్టింది, అప్పుడు గానీ ఆమెకు నిద్ర పట్టలేదు. పక్కన పడుకునే మొగుడు మాత్రం తెల్లారేసరికి దొర్లి నేల మీద ఉంటున్నాడు.

వరండాలో కూర్చున్న అత్త ఆమె నడక చూసి నవ్వింది. "కోడలా, తల వంచుకు నడవమన్నారు గానీ, ఒళ్లు వంచుకు నడవమన్నారటే? ఎటో ఒరిగిపోతున్నావు, కాస్త నిటారుగా నడువు."

"నేను బాగానే నడుస్తున్నానత్తా. మీరే కూర్చోవడంలో వాలిపోయారు."

"ఆ, వాలకేం చేస్తాను, వయసయిపోయె," అంది అత్త, అదేదో కిరీటం పెట్టినట్టు.

వాళ్ల మాటల మధ్యలోనే తమ్ముడు వచ్చాడు. అమ్మానాన్నలు పోయాక వాడిని పెంచింది అక్కే. మీసాలొచ్చి, సొంత పని పెట్టుకున్నా, ఏ పని ముందైనా అక్కను ఒక మాట అడగందే వాడికి అన్నం సయించదు. ఊరి మంచినీళ్ల రిజర్వాయర్ గట్టుకు బయటి వైపు గడ్డి కోసే పని వాడికి దొరికింది. గట్టు వాలు మీద అడ్డంగా బండి నడపాలి. కింద రాళ్ల కాలువ.

"ఇవాళ ఒకసారి ఎక్కి చూశానక్కా," అన్నాడు తమ్ముడు. "మధ్య దాకా వెళ్లేసరికి కడుపులో దేవేసినట్టయింది. ముల్లు చూస్తే ఎర్ర గీతకు ఇంకా చాలా దూరంలో ఉంది. కానీ సీటు కింద నుంచి బండి జారిపోతున్నట్టే అనిపించింది. దిగి వచ్చేశాను."

అక్క పకపకా నవ్వింది. "నీకు చిన్నప్పుడు ఉయ్యాలెక్కినా కడుపులో దేవేది కదరా. ఎర్ర గీత దాకా ఆ బండి పడదు. నా వేళ్లతో చూశాను. నువ్వు నీ కడుపు మాట వినకు, నా మాట విను."

"నువ్వు చెప్పాక ఇంకేముంది? రేపే మొదలెట్టేస్తా," అన్నాడు తమ్ముడు. వాడి మొహంలో బెరుకు పోయి చిన్నప్పటి నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి ఆమెకు కడుపు నిండిపోయింది.

మర్నాడు భోజనాల వేళకు ఫోర్‌మన్, జాకీ బాబాయ్ క్యాంటీన్‌కు వెళ్లారు. కాగితాలక్క మాత్రం సూదీ దారం పట్టుకుని షెడ్డులో ఉండిపోయింది. నిన్న పని అయ్యాక మళ్లీ అల్లుడి నడుముకు కట్టిన తాడు రాత్రి తెగిపోయింది. పొద్దున వచ్చేసరికి అతను మళ్లీ గోడను ఆనుకుని ఉన్నాడు. తెగేముందు తాడు ఒరుసుకున్న చోట కుట్టు విప్పారింది. అది కుట్టేయాలి.

ఒంటరిగా అతని దగ్గరకు వెళ్లాలంటే ఆమెకు భయంగానే ఉంది. వెనక తలుపు తనంతట తాను కిర్రుమని తెరుచుకుంది. అది రోజూ తెరుచుకుంటుంది, అయినా ఆమె ఉలిక్కిపడింది. "పిచ్చి మొహమా," అని తనను తాను తిట్టుకుని, అల్లుడి పొట్ట దగ్గర గుడ్డ పట్టుకుంది. పట్టుకున్నదే తడవు కుట్టు ఇంకాస్త చిట్లి, లోపలి ఇసుక సన్నటి ధారగా కారడం మొదలైంది.

ఆ ధార తిన్నగా కింద పడలేదు.

గాల్లో ఏటవాలుగా, అల్లుడు ఎంత ఒరిగాడో అంతే ఒరుగుతూ, గోడ మొదట్లోకి పడుతోంది. గాలి లేదు. ఫ్యాను ఆపేసి ఉంది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఇసుక చేతి మీద పడి, వేళ్ల సందుల్లోంచి జారి, మళ్లీ అదే వాలున గోడ వైపు పోయింది. బొమ్మలో దయ్యం దూరిందంటే ఒప్పుకోవచ్చు. బొమ్మను వదిలి బయటికొచ్చిన ఇసుకలో ఏం దూరింది?

ఆమె చేతిలోంచి సూది జారింది. దారం వేలికి చుట్టి ఉండటంతో అది కింద పడక వేలాడింది. అదీ గోడ వైపే. ఆమె చెయ్యి చాపి, ఊపిరి బిగబట్టి చూసింది. సూది ఊగి ఊగి ఆగింది. అల్లుడి గొలుసు, ఇసుక ధార, సూది దారం, మూడూ ఒకే వాలున ఉన్నాయి. షెడ్డు మధ్యలోకి వెళ్లి పట్టుకుంది. గుమ్మం దగ్గర పట్టుకుంది. ఎక్కడ పట్టుకున్నా అంతే. గోడలు నిటారుగా కనిపిస్తున్నాయి, సూది మాత్రం వాలి ఉంది.

సూదికి అలకలేమిటి? దానికి తెలిసింది కిందికి వేలాడటం ఒక్కటే. అది తిన్నగానే వేలాడుతోంది. మరి ఒరిగిందేమిటో అర్థమయ్యేసరికి కాగితాలక్కకు దయ్యమైతేనే నయమనిపించింది.

భోజనాలు చేసి వచ్చిన ఇద్దరూ గుమ్మంలో ఆగారు. ఆమె వాళ్ల వైపు చూసింది. ఫోర్‌మన్, జాకీ బాబాయ్, ఇవతల అల్లుడు, ముగ్గురూ గోడ వైపు ఒకే తీరున ఒరిగి నిలబడి ఉన్నారు. ఇన్నాళ్లూ ఇలాగే నిలబడి జోకులు వేసుకున్నారు, టీలు తాగారు, ముల్లు చూసి మురిసిపోయారు. ఆమె తల వంచి తన కాళ్లు చూసుకుంది. తనూ అంతే.

"ఒరిగింది వాడు కాదు సార్, మన షెడ్డు," అంది.

"ఏంటమ్మా నువ్వు చెప్పేది?" అన్నాడు ఫోర్‌మన్.

"ఇదంతా పాత క్వారీ గుంత పూడ్చిన నేలే కదా. గోడ వైపు దిగిపోయింది. మెల్లమెల్లగా దిగింది కాబట్టి మనకు తెలీలేదు. రోజూ బల్లను ఆ నేలకే ఆనించి సున్నా పెడుతున్నాం. గోడ వైపు అంచు ఎత్తితే, ముందు కొంత ఎత్తు నేల వంపు తీరడానికే సరిపోతోంది. బండి అసలు వంగడం మొదలయ్యేది ఆ తర్వాత. ముల్లు మాత్రం మొదటి నుంచీ లెక్కేస్తోంది!"

"నేల ఎక్కడికి పోతుంది? నవ్విపోతారు," అన్నాడు ఫోర్‌మన్. అన్నాడే గానీ గొంతులో రోజూ ఉండే మోత లేదు. "నేల చదును చూసే రసమట్టం పెట్టి చూడలేదనుకున్నావా? పెట్టాను. బుడగ ఓ చివరికి పోయి కూర్చుంది. చెడిపోయిందని పారేసి కొత్తది కొన్నాను. అదీ చెడిపోయిందే ఇచ్చాడు వెధవ. ఈ రోజుల్లో ఏ సరుకు..."

అక్కడ ఆగిపోయాడు. జాకీ బాబాయ్ నెమ్మదిగా నేల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. తర్వాత ఫోర్‌మన్ చొక్కా సర్దుకుని, మొహం గంటు పెట్టుకుని, "ముందా ఇసుక ఎత్తండి. మధ్యాహ్నం రెండు బండ్లు పూర్తి చేయాలి," అన్నాడు. ఏమీ విననట్టు వెళ్లి బల్లను నేలకు ఆనించి, ముల్లును సున్నా మీదకు తిప్పాడు.

కాగితాలక్క అప్పటికే తమ్ముడికి ఫోన్ చేస్తోంది. మోగుతోంది, ఎత్తడం లేదు. బండి చప్పుడులో వాడికి ఫోన్ వినిపించదు. 'నీ కడుపు మాట వినకు, నా మాట విను' అని నిన్న సాయంత్రం తనే నవ్వుతూ అన్న మాట చెవుల్లో గింగురుమంది. ఆమె పరుగెత్తింది.

ఫ్యాక్టరీ గేటు దాటితే రిజర్వాయర్ గట్టు ఎదురుగానే ఉంటుంది. కానీ ఆ కాస్త దూరమే ఆమెకు గండమైపోయింది. షెడ్డు బయటి నేల కాలి కింద ఎదురు తిరిగింది. చదునైన రోడ్డు ఎడమ పక్కకు జారుతున్నట్టు కనిపించి, ఆమె కుడి పక్కకు కొట్టుకుపోయి రెండుసార్లు అంచు దిగింది. సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి, "ఒంట్లో బాలేదామ్మా?" అని అడిగాడు. ఆమె వినిపించుకోలేదు.

గట్టెక్కి, వాలును కుడి చేతి వైపు ఉంచుకుని నడుస్తూ వెతికింది. అల్లంత దూరంలో ఎర్ర బండి కనిపించింది. తమ్ముడు పై వరసలన్నీ కోసేసి, వాలు నడిమికి దిగాడు. వాడిని చూడగానే ఆమెకు ముందు కలిగింది భయం కాదు, సిగ్గు. ఎందుకంటే అక్కడ వాలే లేదు. తమ్ముడు దాదాపు చదునైన గడ్డి మీద, ముగ్గు వేసుకునే వాకిలిలాంటి నేల మీద, హాయిగా బండి నడుపుకుంటున్నాడు. ఇంత చిన్నదానికా తను గుండెలు పగిలేలా పరుగెత్తుకొచ్చింది?

వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. అంత నమ్మకంగా ఉంది ఆ కళ్లకు. కానీ ఆ కళ్లే షెడ్డు గోడల్ని నిటారు అన్నాయి.

"ఆపరా! బండి ఆపు!" అని అరిచింది.

తమ్ముడు తలెత్తి, అక్కను చూసి నవ్వి, బండి ఆపాడు. "ఏంటక్కా? పని మానేసి వచ్చావేంటి?"

"దిగి వచ్చేయ్."

"బాగుంది! నిన్నేమో కడుపు మాట వినకన్నావు. పొద్దుట్నుంచీ పళ్లు బిగపట్టుకుని కోస్తున్నాను. ఇదిగో, ముల్లు చూడు, గీత ఇంకా తగల్లేదు." వాడి మొహం పాలిపోయి ఉంది, నుదుటి మీద చెమట. భయంతోనే నడుపుతున్నాడు. అక్క చెప్పింది కాబట్టి నడుపుతున్నాడు. ఆ మొహం చూస్తే నమ్మినందుకు వాడిని కొట్టాలనిపించింది.

ఆమె గడ్డి పట్టుకుని బండి పై వైపు చక్రం దాకా దిగింది. కంటికి చదునే, కాలు మాత్రం జారుతోంది. చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. టైరు కింద నలిగి పడుకుని ఉండాల్సిన గడ్డి నిటారుగా నిలబడి ఉంది. టైరు గాట్ల మధ్య ఒక్కో పరకా తల ఎత్తుకుని గాలికి ఊగుతోంది. ఆమె చెయ్యి చాపి టైరు కింద పెట్టింది. వేళ్లు అడ్డం లేకుండా లోపలికి వెళ్లిపోయాయి.

షెడ్డులోనైతే ఇక్కడ గొలుసులుంటాయి.

"తమ్ముడూ," అంది, చిన్నప్పుడు వాడిని నిద్రపుచ్చిన గొంతుతో. "కదలకు. ఊపిరి మెల్లగా పీల్చు. తాళం తిప్పి ఇంజను ఆపెయ్. ఆ... కిందికి చూడకు. నావైపు చూడు."

ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో బండి ఒక్కసారి చిన్నగా మూలిగింది. తమ్ముడికి అప్పుడు అర్థమైంది. నవ్వు పోయింది.

ఆమె పై చక్రం మీదుండే రేకును రెండు చేతులా పట్టుకుని, కాళ్లు మడిచి, ఒంటి బరువంతా దానికి వేలాడేసింది. పైకి లేచిన చక్రం కాస్త కిందికి దిగింది. "ఇప్పుడు నామీద నుంచి ఎక్కి రా. నా భుజం మీద కాలెయ్. తొక్కినా ఫర్లేదు. తొందరపడకు." తమ్ముడు సీటు మీద నుంచి మెల్లగా లేచాడు. వాడి మోకాలు ఆమె మెడకు గుచ్చుకుంది, బూటు చెంప మీద ఒరుసుకుపోయింది. బండి ఊగింది. ఆమె పళ్లు బిగించి వేలాడుతూనే ఉంది. వాడి రెండు కాళ్లూ గడ్డి మీద పడ్డాక, "వదిలెయ్ అక్కా!" అన్న కేక విని వదిలేసింది.

బండి వెంటనే పడలేదు. ఏదో ఆలోచిస్తున్నట్టు కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తాపీగా ఒరిగి, ఒక పల్టీ, ఇంకో పల్టీ కొట్టి, కింద రాళ్ల కాలువలో చక్రాలు పైకెత్తి పడింది. స్టీరింగు రెండుగా విరిగింది. కాగితాలక్క కంటికి మాత్రం అది చదును నేల మీద, ఎవరూ తాకకుండా, తనంతట తాను దొర్లుకుంటూ పోయిన బండి.

ఇద్దరూ పాక్కుంటూ గట్టు పైకి చేరారు. తమ్ముడు చాలాసేపు అక్క చెయ్యి వదల్లేదు. "క్షమించరా," అంది ఆమె. వాడు తల అడ్డంగా ఊపాడు. చివరికి కళ్లు తుడుచుకుని ఎదురుగా ఫ్యాక్టరీ వైపు చూశాడు.

"అక్కా," అన్నాడు. "మీ షెడ్డేంటే అలా ఒరిగిపోయి ఉంది? ఇవాళో రేపో పడిపోయేలా ఉంది."

ఆమె చూసింది. నీళ్ల ట్యాంకు ఒరిగి ఉంది. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగి ఉన్నాయి. పొగగొట్టం, ప్రహరీ గోడ, వెనకున్న ఇళ్లు, మేడలు, ఊరు ఊరంతా ఒక పక్కకు వాలి ఉంది. ఆ మొత్తంలో షెడ్డొక్కటే చక్కగా, నిటారుగా నిలబడి ఉంది. దాని గుమ్మం ముందు లారీలోకి చిన్న ఎర్ర బండ్లు ఎక్కిస్తున్నారు.

ఆమె ఫోన్ తీసి షెడ్డుకు కలిపి, తమ్ముడి చేతికిచ్చింది. "నువ్వు చెప్పరా. నీకేం కనిపిస్తోందో అదే చెప్పు. నేను చెప్తే లాభం లేదు."

తమ్ముడు చెప్పాడు. గోడ ఎటు వాలిందో, కప్పు ఎటు దిగిందో, కాలువలో బండి ఎలా పడి ఉందో చెప్పాడు. అవతల ఫోర్‌మన్ గొంతు ఆమెకు కూడా వినిపించింది. "ఎవరయ్యా నువ్వు? ముప్పొద్దులా ఇందులోనే ఉంటున్నాం, షెడ్డు నిక్షేపంలా ఉంది. మీ అక్కను తొందరగా రమ్మను. జాకీ బాబాయ్ చేత కాగితం లాగిస్తున్నాం. ఇవాళ బండ్లు ఇంకా గట్టిగా నిలబడుతున్నాయి."

లారీ వెనక తలుపు వేశారు. ఆమె లేచి నిలబడి చెయ్యి చాపింది.

"లారీని గేటు దగ్గర ఆపాలిరా. కిందికి దింపు నన్ను. పల్లం ఎక్కడుందో నాకు కనిపించడం లేదు."

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వాళ్లు గట్టు సగం దిగేసరికి లారీ కదిలింది.